పిల్లికూనకు పాలగిన్నె ఒక్కటే చాలదు

ఈ నెల మా శీర్షికకు కొల్లాపూర్ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరాన్ని ఎంచుకున్నాము. వానలో తడుస్తున్న ఒక పిల్లికూనను వారి పిల్లలు ఇంటికి తెచ్చుకున్నారు. దానికి రెండు నెలల వయసు ఉండవచ్చు. పిల్లలు దానిని క్షణం వదలటం లేదు. అత్తగారేమో జానమాజ్ దరిదాపులకు దానిని రానివ్వవద్దంటున్నారు. మనుషుల మందులకే డబ్బు చాలని రోజుల్లో పిల్లికి టీకాలేమిటి, అది ఇస్రాఫ్ కాదా అని భర్త అడుగుతున్నారు. ఆమె ఒకరోజు ధైర్యం చేసి పశువైద్యశాలకు వెళ్తే, అక్కడ వరుసలో ఉన్నవన్నీ గేదెలు, గొర్రెలు, మేకలే. సంచిలో పిల్లికూనను పెట్టుకుని ఆ వరుసలో నిలబడటానికి బిడియపడి తిరిగివచ్చారట. చివరికి ఆమె అడిగినది ఒక్కటే: ఈ ప్రాణికి మేము చేయవలసినది ఏమిటి, ఎంతవరకు?

ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దానిలో ఒక ప్రాణి హక్కు, ఇంట్లోని పిల్లల ఆరోగ్యం, ధర్మబద్ధమైన ఖర్చు అనే మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. అందుచేత జవాబును కొంత వివరంగా వ్రాస్తున్నాము.

ధర్మం ఏమంటున్నది?

పిల్లిని బంధించి, అన్నం పెట్టక, తన ఆహారం తాను వెతుక్కోవటానికి వదలక చంపిన ఒక స్త్రీ ఆ కారణంగానే నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. మనలో చాలామంది దీనిని పిల్లికి తిండి పెట్టమనే ఉపదేశంగానే చెప్పుకుంటారు. దానిలోని రెండవ భాగాన్ని కూడా ఆలోచించాలి. పెట్టనూ లేదు, వదలనూ లేదు. వీధిలో తిరిగే పిల్లి తన బ్రతుకు తాను వెతుక్కుంటుంది. దానిని తెచ్చి తలుపు మూసిన క్షణం నుండి ఆ బ్రతుకు మన చేతికి వస్తుంది. తిండి, నీరు, నీడ, రోగం వచ్చినప్పుడు మందు, ఇవన్నీ అప్పటి నుండి మన మీద ఉన్న అమానత్. ఎంతవరకు అన్న ప్రశ్నకు మా జవాబు ఇక్కడే ఉంది: దాని స్వేచ్ఛను మనం ఎంతవరకు తీసుకున్నామో అంతవరకు.

హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) పేరు తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. ఆ పేరు ఎలా వచ్చిందో ఆయనే చెప్పిన మాట తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఆయన తన ఇంటివారి గొర్రెలను కాసేవారు. ఆయన వద్ద ఒక చిన్న పిల్లికూన ఉండేది. రాత్రివేళ దానిని ఒక చెట్టు మీద ఉంచి, పగలు తన వెంట తీసుకువెళ్లి దానితో ఆడుకునేవారు. హురైరా అంటే చిన్న పిల్లి అని అర్థం. వేల హదీసులను మనకు అందించిన మహనీయుని పేరులో ఒక పిల్లికూన నిలిచిపోయింది. గొర్రెల మందలు తిరిగే పాలమూరు నేలలో ఉన్న మనకు ఆ దృశ్యాన్ని ఊహించుకోవటం కష్టం కాదు. గొర్రెల మధ్య పిల్లికూనను వెంటబెట్టుకుని తిరగటానికి ఆయన బిడియపడలేదు. పశువైద్యశాల వరుసలో నిలబడటానికి మనకూ బిడియం అక్కరలేదు.

ఇక అత్తగారి సందేహం. హజ్రత్ అబూ ఖతాదా (రజియల్లాహు అన్హు) వుజూ చేయబోతుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి దానికి నీరు త్రాగనిచ్చారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపవిత్రమైనది కాదనీ, అది మన చుట్టూ తిరిగే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు వినిపించారు. మువత్తా, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. వేరే నీరు అందుబాటులో ఉన్నప్పుడు పిల్లి త్రాగి మిగిల్చిన నీటితో వుజూ చేయటాన్ని హనఫీ ఫిఖ్‌లో స్వల్పంగా మక్రూహ్ అన్నారు. అంతకు మించి పిల్లి తాకినంత మాత్రాన బట్టలు గానీ జానమాజ్ గానీ అపవిత్రం కావు. దాని మలమూత్రాలు మాత్రం అపవిత్రమే. కాబట్టి ఇసుక పెట్టెను నమాజు చేసే గదికి, వంటగదికి దూరంగా ఉంచండి. అత్తగారి శుభ్రతాభిలాష మంచిదే, ఆ జాగ్రత్త పడవలసిన చోటు అది.

ఇంటికి తెచ్చే ముందు

పొలం గట్టున, చెట్ల పొదలో కళ్లు తెరవని కూనలు కనిపిస్తే వెంటనే ఎత్తుకురావద్దు. చాలాసార్లు తల్లి మేతకు వెళ్లి ఉంటుంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించండి. నల్లమల అంచున ఉన్న గ్రామాలలో పంట కోతల సమయంలో దొరికే కూనలు అడవిపిల్లివి కూడా కావచ్చు. వాటిని ఇంట్లో పెంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉన్నచోటనే వదిలివేయండి, అవసరమైతే అటవీశాఖ వారికి తెలియజేయండి.

ఇంటి పిల్లి కూనలైనా కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. కళ్లు 7 నుండి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. మూడు, నాలుగు వారాలకు ముందుపళ్లు వస్తాయి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములు ఉండే కూన, రెండు నెలలకు దాదాపు ఒక కిలో అవుతుంది. వయసు తెలియనప్పుడు ఈ గుర్తులే ఆధారం. వంటింటి తక్కెడ మీద వారానికొకసారి తూచి వ్రాసుకోండి. బరువు పెరగటం ఆగితే, మరే లక్షణమూ కనిపించకముందే అది మొదటి హెచ్చరిక.

తల్లి లేని పసికూనకు ముందు కావలసినది పాలు కాదు, వెచ్చదనం. మొదటి వారాలలో అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లబడిన కూనకు పాలు పోస్తే అరగవు, ప్రాణాపాయం కూడా. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాతో ముందు వెచ్చబరచాలి. తరువాత పిల్లికూనల కోసం తయారయ్యే పాలపొడిని కలిపి, బోర్లా ఉంచి, కొద్దికొద్దిగా పట్టాలి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రతిసారీ పాలు పట్టిన తరువాత తడి దూదితో కడుపు కింది భాగాన్ని మెల్లగా తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. తల్లి నాకి చేసే పని అదే.

తిండి విషయం

ఆవుపాలు, గేదెపాలు పిల్లికూనకు సరిపడవు. చాలావాటికి విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న ప్రాణిలో నీరు త్వరగా తగ్గిపోయి నీరసించిపోతుంది. పాలలో రొట్టె నానబెట్టి పెట్టటం మన ఇళ్లలో పాత అలవాటు. అది కడుపు నింపుతుంది గానీ పోషణ ఇవ్వదు. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు, మాంసం నుండి పొందవలసిందే. అది లోపిస్తే చూపు పోతుంది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు నిరూపించారు.

పిల్లికూనల దాణా పెట్టగలిగితే మంచిదే. ఇంటి తిండి అయితే ఉప్పూకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముళ్లు తీసిన చేప, ఉడికిన గుడ్డు, అప్పుడప్పుడు కొద్దిగా కాలేయం పెట్టవచ్చు. అయితే ఒట్టి మాంసంతో ఎదిగే కూనకు సున్నం చాలదు, ఎముకలు బలహీనపడతాయి. ఇంటి తిండిలో ఏమేమి కలపాలో డాక్టరును అడగండి. ఆరు నెలల లోపు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఎల్లవేళలా శుభ్రమైన నీరు ఉండాలి.

బిర్యానీ, సాలన్ మిగిలితే గిన్నెలో వేయటం కారుణ్యం కాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముకలు పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. ఖుర్బానీ రోజుల్లో పిల్లలు ప్రేమతో పచ్చిమాంసం ముక్కలు విసురుతుంటారు. పచ్చిమాంసం ద్వారా సంక్రమించే సూక్ష్మజీవులు పిల్లికీ, దాని ద్వారా మనకూ హాని చేస్తాయి. ఉడికించి పెట్టండి.

నులిపురుగులు, ఒంటి పురుగులు

పిల్లికూనల్లో నులిపురుగులు దాదాపు సర్వసాధారణం. తల్లిపాల ద్వారానే కూన కడుపులోకి చేరతాయి. పొట్ట ఉబ్బి, వెన్నెముక తేలి ఉన్న కూనను చూసి బాగా తిన్నదని మురిసిపోతాము. చాలాసార్లు ఆ పొట్టలో ఉన్నవి పురుగులు. మూడు వారాల వయసు నుండి రెండు వారాలకొకసారి మందు మొదలుపెట్టి, పాలు మానిన కొద్ది వారాల వరకు కొనసాగిస్తారు. తరువాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక డాక్టరే చెప్పాలి. ఈ పురుగుల గుడ్లు మట్టి ద్వారా చిన్నపిల్లల నోటికి చేరగలవు. కూనకు వేసే ఈ మందు మన బిడ్డల రక్షణ కూడా.

ఇక ఒంటి మీది గోమార్లు, ఎగిరి దూకే నల్లపురుగుల సంగతి. ఇక్కడ ఒక ప్రమాదాన్ని మరీ గట్టిగా చెప్పదలిచాము. కొల్లాపూర్ వంటి చోట్ల చాలా ఇళ్లలో గేదెలకు, గొర్రెలకు వాడే గోమార్ల మందు సీసా ఉంటుంది. కుక్కలకు చల్లే పొడి కూడా దొరుకుతుంది. వీటిలో పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి ఉంటాయి. గేదె తట్టుకునే ఆ మందును పిల్లి శరీరం విరిచివేయలేదు. వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోతుంది. కొద్దిగా వేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. పిల్లికి పిల్లి మందే వేయాలి. అది దొరికేంతవరకు సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, పురుగులను సబ్బునీళ్లలో వేయండి.

టీకాలు: ఏవి, ఎప్పుడు, ఎందుకు?

పిల్లికూనకు ముఖ్యంగా రెండు టీకాలు. మొదటిది మూడు జబ్బులకు కలిపి వేసేది. వాటిలో రెండు జలుబు, కంటి పుసి, నోటి పుండ్లు కలిగించేవి. మూడవది పాన్‌ల్యూకోపీనియా, అన్నిటికన్నా క్రూరమైనది. కూన ఒక్కసారిగా తిండి మాని, వాంతులు, విరేచనాలతో నీటిగిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది, త్రాగలేదు. కొద్ది రోజుల్లోనే చాలా కూనలు చనిపోతాయి. దిష్టి తగిలిందనో ఎవరో ఏదో పెట్టారనో అనుకునే మరణాలలో ఈ జబ్బువి ఎన్నో ఉంటాయి. దీని వైరస్ ఇంట్లో ఒక సంవత్సరం దాకా బ్రతికి ఉండగలదు. ఒక కూన ఇలా పోయిన ఇంటికి టీకాలు పూర్తికాని మరో కూనను తేకూడదు. నేలను బ్లీచింగ్ కలిపిన నీటితో శుభ్రం చేసి, ఆరిన తరువాత మంచినీటితో కడగాలి. ఈ వైరస్‌ను ఫినాయిల్ చంపుతుందన్న నమ్మకం లేదు, పైగా ఫినాయిల్ పిల్లులకు విషం.

రెండవది రేబిస్ టీకా. దాని గురించి చెప్పవలసింది వేరుగా ఉంది.

ఒక తేదీపట్టీ ఇస్తున్నాము. మీ డాక్టరు పరిస్థితిని బట్టి కొద్దిగా మార్చవచ్చు.

ఎనిమిది వారాలకు: మొదటి పరీక్ష, మూడు జబ్బుల టీకా మొదటి మోతాదు, నులిపురుగుల మందు.

పన్నెండు వారాలకు: రెండవ మోతాదు. రేబిస్ టీకా ఈ వయసు నుండి వేయవచ్చు.

పదహారు వారాలకు: మూడవ మోతాదు.

అయిదు నెలల ప్రాంతంలో: సంతాన నిరోధక ఆపరేషన్ గురించి నిర్ణయం.

ఆరు నెలలకు: పళ్లు, బరువు పరీక్ష. ఈ వయసుకు 26 పాలపళ్లు రాలి 30 శాశ్వత దంతాలు వచ్చి ఉంటాయి. కొందరు డాక్టర్లు ఇప్పుడు ఇంకొక మోతాదు టీకాను సూచిస్తారు.

ఏడాదికి: రెండు టీకాలూ మళ్లీ, పూర్తి పరీక్ష.

అంటే ఏడాది మొత్తంలో ఆరు ప్రయాణాలు. ఒకే టీకాను మూడుసార్లు వేయటం వ్యాపారం కోసమేనా అని కొందరు అడుగుతారు. కాదు. తల్లి ముర్రుపాల ద్వారా కూనకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనివ్వదు. ఒక్కో కూనలో అది ఒక్కో వారంలో తగ్గుతుంది. ఏ వారమో బయటికి తెలియదు. అందుచేత ఆ రక్షణ తగ్గే కాలమంతటా విడతలుగా వేస్తారు. పదహారు వారాల మోతాదు మానివేస్తే మొదటి రెండూ వృథా అయ్యే అవకాశం ఉంది.

రేబిస్: ఇది మన పిల్లల సంగతి

మన దేశంలో రేబిస్ ఎక్కువగా కుక్కల వల్లనే వస్తుంది. కానీ కుక్క కరిచిన పిల్లి కూడా దానిని మోసుకొస్తుంది. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి మందు లేదు, దాదాపు ప్రతి రోగీ మరణిస్తాడు. 1885 జూలై 6న పాశ్చర్ ఒక బాలునికి ఈ టీకా మొదటిసారి వేయించారు. ఆ తేదీనే ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తున్నారు. ఆ రోజున మన రాష్ట్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. జూన్ నెలాఖరులోనే వెళ్లి విచారించుకోండి.

పిల్లి కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా మొదట చేయవలసిన పని ఒక్కటే. సబ్బు పెట్టి, పారే నీటి కింద 15 నిమిషాలు గాయాన్ని కడగాలి. గడియారం చూసి కడగండి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకుని, డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. లోతైన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ వేసే మరో మందు కూడా అవసరమవుతుంది. కరిచిన పిల్లిని 10 రోజులు కనిపెట్టి ఉండాలి, కానీ ఆ 10 రోజులు ఆగి చూద్దామని మనిషి చికిత్సను వాయిదా వేయకూడదు.

దమ్ చేయించటం, తావీజు కట్టించటంతో సరిపెట్టుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. దువా విశ్వాసి ఆయుధం, దానిని ఎవరూ కాదనరు. అల్లాహ్ ఏ రోగాన్నీ దాని ఔషధం లేకుండా దించలేదని చెప్పినవారు కూడా దైవప్రవక్తే (స). దువా చేస్తూనే టీకాకు వెళ్లటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

పిల్లలకు మరో మాట కూడా నేర్పండి. పిల్లి గీరితే తిడతారన్న భయంతో చాలామంది పిల్లలు దాచిపెడతారు. చెబితే తిట్టము, దాచితేనే తప్పు అని ముందుగానే చెప్పి ఉంచండి.

గర్భిణులు ఉన్న ఇంట్లో పిల్లిని వదిలివేయాలా అని కూడా తరచుగా అడుగుతుంటారు. అక్కరలేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలం ద్వారా బయటికి వచ్చినా, అది అంటుకునే స్థితికి చేరటానికి ఒకటి నుండి అయిదు రోజులు పడుతుంది. ఇసుక పెట్టెను ప్రతిరోజూ, గర్భిణి కాక ఇంట్లో మరొకరు శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఇది సోకుతుందని మరువవద్దు.

ఇంట్లోనే ఉన్న విషాలు

జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ ముక్క వేయటం కంటే పెద్ద పొరపాటు లేదు. మనకు రోజూ పనికివచ్చే ఆ మాత్రలో చిన్న ముక్క కూడా కూన ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమ రంగుకు మారి, ముఖం వాచి, ఊపిరి ఆడదు. మనుషుల మాత్ర ఏదీ డాక్టరును అడగకుండా వేయవద్దు.

మామిడికి పేరుపొందిన కొల్లాపూర్‌లో తోటలు, గోదాములు ఉన్న ఇళ్లు చాలా. ఎలుకల మందు పెట్టిన చోట, ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ విషమెక్కుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల బోనే మేలు. మామిడి కాలమంటే మండుటెండల కాలం కూడా. రేకుల గదిలో కూనను మూసి ఉంచవద్దు. చదునైన ముఖం, దట్టమైన బొచ్చు ఉన్న పర్షియన్ పిల్లులను ఈద్ కానుకగా కొని తెచ్చే ఆనవాయితీ ఇప్పుడు చిన్న పట్టణాలకూ వచ్చింది. మన ఎండలు వాటికి హింస. వానలో దొరికిన నాటు కూనే ఈ నేలకు తగినది.

ఈ లక్షణాలు కనిపిస్తే మరునాటి దాకా ఆగవద్దు: పూట గడిచినా చిన్న కూన ఏమీ తినకపోవటం, వాంతులు విరేచనాలు కలిసి రావటం, నోరు తెరిచి ఆయాసపడటం, చిగుళ్లు తెల్లగా పాలిపోవటం, మూత్రానికి ముక్కుతూ రాకపోవటం, ఒంటి వేడి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటటం. పిల్లికి 100.5 నుండి 102.5 దాకా మామూలే.

ఆపరేషన్ ధర్మసమ్మతమేనా?

ఆడపిల్లి నాలుగైదు నెలలకే గర్భం దాల్చగలదు. గర్భకాలం సుమారు తొమ్మిది వారాలు. అంటే తన మొదటి ఏడాది నిండేలోగానే అది తల్లి కాగలదు. తరువాత ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఆ కూనలను గోనెసంచిలో వేసి సంత దగ్గరో, ఊరి బయటో వదిలివస్తారు. చేతికి రక్తం అంటకపోయినా అది హత్యే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును వదిలివేయటం నేరం కూడా.

ఆపరేషన్ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. ప్రయోజనం ఉన్నప్పుడు జంతువులను ఖస్సీ చేయటాన్ని హనఫీ ఫిఖ్ అనుమతించింది. మన ఇళ్లలో ఖుర్బానీకి ఖస్సీ మేకపోతును ఇష్టపడి తేవటం అందరూ ఎరిగినదే. మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా, అర్హుడైన డాక్టరు చేసే ఆపరేషన్ ఒక్క పిల్లికి కొద్ది రోజుల బాధ. చేయించకపోతే కూన తరువాత కూన ఆ సంచిలోకి వెళ్తుంది. మాకు మొదటిదే కారుణ్యానికి దగ్గరగా కనిపిస్తున్నది. మనసు ఒప్పకపోతే మీ ఊరి ఆలిమ్ సాహెబ్‌ను అడగండి. కానీ అయిదవ నెలలోనే అడగండి, కూనలు పుట్టాక కాదు.

కొల్లాపూర్ వంటి ఊళ్లో ఎలా?

మన చిన్న పట్టణాల పశువైద్యశాలలు ప్రధానంగా పాడిపశువులను, జీవాలను దృష్టిలో పెట్టుకుని ఏర్పడినవి. గాలికుంటు, గొంతువాపు, గొర్రెల పీపీఆర్, చిటుకురోగం, వీటి టీకాలతోనే అక్కడ ఏడాది గడుస్తుంది. అది అన్యాయమేమీ కాదు, ఆ జీవాల మీద పేదల బ్రతుకు ఉంది. కానీ అక్కడి డాక్టరు పిల్లికి కూడా డాక్టరే. నులిపురుగుల మందు, గాయాలు, జ్వరం, రేబిస్ టీకా, వీటిని ముందు అక్కడే అడగండి. మూడు జబ్బుల టీకా ప్రతిచోటా సిద్ధంగా ఉండదు. వెళ్లేముందు ఫోన్ చేయండి, ఎప్పుడు తెప్పించగలరో కనుక్కోండి. వీధిలో పిల్లులున్న నాలుగు ఇళ్లు కలిసి అడిగితే తెప్పించటం సులభమవుతుంది.

టీకా 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య చల్లదనంలో ఉండాలి. దుకాణంలో కొని సంచిలో వేసుకుని ఎండలో తెచ్చినది టీకా కాదు, ఒట్టి నీరు. డాక్టరు ఫ్రిజ్ నుండి తీసి వేసినదే నమ్మదగినది. పేరు, తేదీ వ్రాసిన కార్డు అడిగి తీసుకుని, పిల్లల టీకా కార్డులతోపాటు దాచండి.

ఇక్కడ కుదరని పనికి నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్‌లలో విచారించవచ్చు. క్లిష్టమైన జబ్బుకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. బస్సులో తీసుకువెళ్లేటప్పుడు గాలి ఆడే బుట్టలో, మూత కట్టి, తెల్లవారుజామున బయలుదేరండి.

ఇస్రాఫ్ మాట

చివరిగా ఇంటి యజమాని ప్రశ్న. ఆయన ప్రశ్న కఠినమైనదే, కానీ తేలికగా తీసివేయదగినది కాదు. పొరుగువాడు ఆకలితో ఉండగా పిల్లికి వెండిగంట కట్టటం ఇస్రాఫే. ఖరీదైన పట్టీలు, ఆటబొమ్మలు, వేలు పోసి కొనే విదేశీ జాతులు, వీటిని మేమూ సమర్థించము. కానీ మనమే తెచ్చి బంధించిన ప్రాణికి రోగం రాకుండా వేసే టీకా ఆ కోవలోనిది కాదు. అది దాని హక్కు. హక్కు చెల్లించటం దానధర్మం కూడా కాదు, అప్పు తీర్చటం. ఆ అప్పు మోయలేని పరిస్థితి ఉంటే తలుపు మూయకండి. వాకిట్లో నీరు, మిగిలిన ముద్ద పెట్టి, దాని దారిన దానిని తిరగనివ్వండి. దానికీ పుణ్యముంది. ఇంటిలోపలికి తెచ్చుకోవటం తప్పనిసరి కాదు. తెచ్చుకున్న తరువాత చూసుకోవటం తప్పనిసరి.

ఈ సోదరికి మా సలహా ఇది. కూనకు ఇప్పుడు రెండు నెలలంటున్నారు, అంటే పట్టీలో మొదటి తేదీ ఈ వారమే. మళ్లీ వెళ్లండి. గేదెల వెనుక, గొర్రెల మధ్య ఆ వరుసలోనే నిలబడండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లండి. కారుణ్యం మాటల్లో ఎంత చెప్పినా, సంచిలోని కూనను ఒడిలో పెట్టుకుని తమ అమ్మ వరుసలో నిలబడటం చూసిన పిల్లలు దానిని మరువరు.

నోరులేని ప్రాణుల విషయంలో మనలను జవాబుదారులుగా నిలబెట్టే ఆ దినాన, మన చేతిలో ఉన్న అమానతులకు న్యాయం చేసినవారిలో అల్లాహ్ మనలను చేర్చుగాక. ఆమీన్.